అమ్మ ఊళ్లోనే ఉంది, ఆమె వేలిముద్రతో డబ్బులు ఇంకెక్కడో తీశారు. ఆధార్ లాక్ చేయాలా వద్దా?

డెల్టా రైతుబిడ్డ:

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదివి సలహా చెప్పండి.

మా అమ్మకి 66 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మొన్న ఊరెళ్లినప్పుడు పాస్‌బుక్కులో ఎంట్రీలు వేయిస్తే వరుసగా రెండు రోజులు పదేసి వేల చొప్పున ఇరవై వేలు తీసినట్టు పడింది. అమ్మకి ఏటీఎం కార్డు లేదు, చెక్కు బుక్కు లేదు, ఫోన్‌పే లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, అసలు రాలేదు. ఖాతాకి ఇచ్చిన ఫోన్ నంబరు నాన్న ఉన్నప్పటిది, ఆయన పోయాక ఆ సిమ్ రీఛార్జ్ చేయక ఆగిపోయింది, కాబట్టి మెసేజ్ కూడా రాలేదు. ఎంట్రీ పక్కన ఏఈపీఎస్ అని ఉంది. అంటే ఆధార్ నంబరు చెప్పి, వేలిముద్ర పెట్టి డబ్బులు తీసుకునే పద్ధతి.

బ్యాంకుకి వెళ్లాం. బ్యాంకు పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క బ్యాంకు సంగతి కాదని ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. అక్కడ చెప్పింది ఒకటే మాట: "వేలిముద్ర సరిపోయిందండీ, సిస్టమ్‌లో సక్సెస్ అని ఉంది, అంటే మీ అమ్మగారే తీసుకున్నట్టు." ఆ రెండు రోజులూ అమ్మ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మినప చేలో ఉంది, పక్కన పది మంది కూలీలు ఉన్నారు. ఆ మాట చెబితే, మిషన్‌లో ఉన్నదే లెక్కండీ అన్నారు. ఊళ్లో యాభై ఏళ్లుగా ఎవరి దగ్గరా రూపాయి ఎగ్గొట్టని మనిషి, కౌంటర్ ముందు నిలబడి "నేను తియ్యలేదు బాబూ" అని మూడుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇరవై వేలు పోయినందుకంటే అందుకే నాకు ఎక్కువ కడుపు మండింది.

ఆరు నెలల క్రితం చెల్లి పెళ్లి అప్పు కోసం అరెకరం అమ్మాం. రిజిస్ట్రేషన్ రోజు అమ్మ ఫోటో, వేలిముద్ర, ఆధార్ జిరాక్సు అన్నీ తీసుకున్నారు. దస్తావేజుల మీద ఉన్న వేలిముద్రల్ని రబ్బరు మీద అచ్చు తీసి డబ్బులు లాగుతున్నారని ఎప్పుడో వార్తల్లో చదివాను, మనదాకా రాదనుకున్నాను. ఇది అదేనా?

రెండో సంగతి. ఆధార్ వెబ్‌సైట్లో బయోమెట్రిక్ లాక్, అంటే మన వేలిముద్ర ఎక్కడా పని చేయకుండా ఆపేది, చేసుకోమని ఆఫీసులో ఫ్రెండ్ చెప్పాడు. చేస్తే దొంగల పని ఆగుతుంది, సరే. కానీ ఒకటో తారీఖున గ్రామ సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి వేలిముద్ర తీసుకుని 4,000 పింఛను ఇస్తారు, రేషన్ షాపులోనూ వేలే పెట్టాలి. అన్నిటికీ ఒకటే వేలు. లాక్ చేస్తే అమ్మకి రావాల్సినవి ఆగిపోతాయేమో అని టెన్షన్‌గా ఉంది. మీ ఇళ్లలో ఎవరైనా చేశారా?

సిరిసిల్ల బ్యాంక్ మిత్ర:

అన్నా, అమ్మ విషయం చదివి బాధేసింది. నేను తొమ్మిదేళ్లుగా బ్యాంక్ మిత్రగా, అంటే బ్యాంకు తరఫున ఊళ్లలో వేలిముద్ర మిషన్‌తో డబ్బులిచ్చే పని చేస్తున్నా, కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెబుతా.

మా దగ్గర డబ్బులు తీయాలంటే మూడే కావాలి: ఆధార్ నంబరు, ఏ బ్యాంకులో ఖాతా ఉందో ఆ పేరు, వేలు. పాస్‌బుక్ అక్కర్లేదు, పిన్ లేదు, ఓటీపీ లేదు. ఒక్కసారికి పది వేల దాకా వస్తుంది. అమ్మ ఖాతాలో సరిగ్గా పదేసి వేలు పోయాయంటే వాడికి ఆ లిమిట్ తెలుసు. ఆధార్ ఖాతాకి లింక్ అయి ఉంటే చాలు, చాలామందికి ఈ సౌకర్యం అడక్కుండానే పని చేస్తుంది. తమకి ఇలాంటి దారి ఒకటి తెరిచి ఉందని తెలియని వాళ్లే మా మండలంలో ఎక్కువ.

ఇప్పుడు నా గుండెల్లో ఉన్న మాట చెబుతా. మా దగ్గరికి బీడీలు చుట్టే అమ్మలు వస్తారు. ఏళ్ల తరబడి ఆకు చుట్టి చుట్టి వేళ్ల మీద గీతలే అరిగిపోయి ఉంటాయి. మిషన్ మీద పెడితే తీసుకోదు. నీళ్లతో కడిగి, కొంగుతో తుడిచి, పది వేళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూస్తాం. కొందరు మూడు రోజులు తిరిగి ఖాళీ చేతులతో పోతారు. సొంత వేలు ఉన్న మనిషిని నమ్మని మిషన్, ఎవడో రబ్బరు ముక్క పెడితే డబ్బులు ఇచ్చిందంటే నాకు ఎంత కోపం వస్తుందో చెప్పలేను. పెట్టింది బతికున్న వేలా కాదా చూసే ఏర్పాటు 2023 ఫిబ్రవరిలో తెచ్చామని ఆధార్ సంస్థ ప్రకటించింది. మిషన్లు కూడా మార్పించారు, ఇప్పటి ఎల్1 రకం మిషన్‌లో వేలిముద్ర మిషన్ లోపలే రహస్య కోడ్‌గా మారి బయటికి వెళుతుంది. మునుపటి కంటే నయమే. కానీ దొంగ కూడా ఖాళీగా కూర్చోడు కదా.

ఇంకొకటి, మా వాళ్ల గురించే అయినా దాచను. రబ్బరు వేలు లేకుండానే జరిగే మోసం ఉంది. ముసలమ్మ వేలు పెడుతుంది, డబ్బులు కట్ అవుతాయి, "ఫెయిల్ అయిందవ్వా, మళ్లీ పెట్టు" అంటాడు, రెండోసారి వచ్చింది ఆమె చేతిలో పెట్టి మొదటిది వాడు ఉంచుకుంటాడు. ఇలాంటి వాళ్ల వల్ల నిజాయతీగా చేసే మాకు కూడా చెడ్డపేరు. అందుకే చెబుతున్నా, ఫెయిల్ అయినా స్లిప్పు అడిగి తీసుకోవాలి. మాలాంటి ఆపరేటర్లని ముందుగా సరిగ్గా పరిశీలించాకే పెట్టుకోవాలని, మూడు నెలలు పని చేయకుండా ఉన్నవాడికి మళ్లీ కేవైసీ చేయాలని రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో ఆదేశం ఇచ్చింది, 2026 జనవరి 1 నుంచి అమలు. ఇది రావాల్సిందే, చాలా ఆలస్యంగా వచ్చింది.

లాక్ గురించి: లాక్ చేస్తే రేషన్ షాపులో, పింఛను దగ్గర, మా దగ్గర, ఎక్కడా వేలు పని చేయదు. కావాల్సినప్పుడు ఓటీపీతో తీస్తే పది నిమిషాలు తెరుచుకుని మళ్లీ తనంతట తనే లాక్ అవుతుంది. ఓటీపీ రావాలంటే ఆధార్‌కి బతికున్న ఫోన్ నంబరు ఉండాలి. మీ అమ్మ ఆధార్‌లో ఉన్నది కూడా నాన్న నంబరే అయితే ముందు ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లి అది మార్పించండి, మిగతావన్నీ దాని తర్వాతే.

దస్తావేజు లేఖరి గారబ్బాయి:

మా నాన్నగారు నలభై ఏళ్లు దస్తావేజులు రాశారు, నేనూ అదే ఆఫీసు గుమ్మం ముందు పెరిగాను. మీరు అడిగిన మొదటి ప్రశ్నకి సమాధానం: కచ్చితంగా అదేనని ఇక్కడ కూర్చుని చెప్పలేను కానీ, దారి మాత్రం ఉంది.

రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. అప్పట్లో అమ్మేవాడి ఫోటో లేదు. ఒకరి పొలం ఇంకొకరు "నేనే ఫలానా" అని నిలబడి అమ్మేసిన కేసులు నాన్నగారు ఎన్నో చూశారు. దాన్ని ఆపడానికి 2001లో చట్టంలో 32ఏ అనే సెక్షన్ చేర్చి ఫోటోలు, వేలిముద్రలు తప్పనిసరి చేశారు. నల్ల సిరాతో అద్దిన బొటనవేలు, పక్కనే ఫోటో. మంచి ఉద్దేశంతో పెట్టిందే, దొంగ రిజిస్ట్రేషన్లకి అది పెద్ద అడ్డుకట్ట. అప్పటికి ఆధార్ లేదు, వేలిముద్రతో బ్యాంకు ఖాతా తెరుచుకుంటుందని ఎవరూ కలగనలేదు.

మరోపక్క అదే చట్టంలో 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే ఒకటో పుస్తకాన్ని ఎవరైనా చూడొచ్చు, రుసుము కట్టి నకలు తీసుకోవచ్చు. అదీ అవసరమే, లేకపోతే కొనేవాడు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) ఎలా చూసుకుంటాడు? తర్వాత దస్తావేజులన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టారు. ఆధార్ జిరాక్సులు కూడా దస్తావేజుతో పాటే స్కాన్ అయ్యాయి. అంటే ఒకే ఫైల్లో పేరు, తండ్రి పేరు, ఊరు, ఆధార్ నంబరు, ఫోటో, సంతకం, స్పష్టమైన నల్లటి వేలిముద్ర. మిగిలింది బ్యాంకు పేరు, అది నాలుగు ప్రయత్నాల్లో దొరుకుతుంది.

2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్మే మనిషి ఒకడు తెలంగాణ రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, రబ్బరు స్టాంపులు చేసే మిషన్‌తో వేలిముద్రల అచ్చులు తీసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. సిమ్‌ల అమ్మకం టార్గెట్ పూర్తి చేయడానికి! బ్యాంకుల జోలికి పోకుండా సిమ్‌లతో ఆగాడు కాబట్టి అప్పుడు అందరూ చిన్న వార్తగా చూశారు. నాలుగేళ్ల తర్వాత 2022లో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఆంధ్రప్రదేశ్ దస్తావేజులతో ఖాతాలే ఖాళీ చేసింది. ఆ నాలుగేళ్లలో ఎవరైనా పూనుకుని స్కాన్ కాపీల్లో వేలిముద్ర మీద నల్ల చుక్క పెట్టేలా చేసి ఉంటే సరిపోయేది. ఇది నేను ఆవేశంలో అనే మాట కాదు, నాన్నగారు పోలీసుల వార్త చదివి ఆ రోజు అన్నం తినలేదు. "నేనే కదా వాళ్ల వేళ్లు పట్టుకుని అద్దించింది" అన్నారు.

ఇకమీదట ఆధార్ జిరాక్సు ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి నాలుగంకెలే కనబడతాయి. కొన్ని చోట్ల ఒప్పుకోరు, అయినా ముందు అదే ఇచ్చి చూడండి.

పాలమూరు పల్లె నుంచి:

నేను కొంచెం వేరే మాట చెబుతా, కోప్పడకండి.

మా ఊరి నుంచి బ్యాంకు 18 కిలోమీటర్లు. మా అమ్మకి చదువు రాదు. వేలిముద్రతో డబ్బులు తీసే పద్ధతి రాకముందు ఆమె పాస్‌బుక్ ఇంకొకరి చేతిలో పెట్టి, విత్‌డ్రా ఫారం ఇంకొకరితో రాయించి, రోజు కూలీ పోగొట్టుకుని పోయేది. అప్పుడూ మోసాలున్నాయి, ఫారం రాసినవాడు ఐదొందలు ఎక్కువ రాసుకునేవాడు, ఎవరూ వార్త రాయలేదు. 2020 లాక్‌డౌన్‌లో జన్‌ధన్ ఖాతాల్లో ఆడవాళ్లకి నెలకి 500 చొప్పున మూడు నెలలు వేశారు కదా, బస్సులు లేని ఆ రోజుల్లో ఊళ్లోకి బ్యాంక్ మిత్ర మిషన్ పట్టుకుని రాబట్టే అమ్మ ఆ డబ్బు కళ్లజూసింది. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగడానికి అది కారణం.

అందుకే ప్రతి వార్త కిందా "ఆధార్ తీసేయండి, వేలిముద్రలు ఆపేయండి" అని రాసేవాళ్లని చూస్తే బాధగా ఉంటుంది. వాళ్ల చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, పక్క వీధిలో ఏటీఎం ఉంది. మా అమ్మకి ఉన్నది ఆ వేలే. దొంగని పట్టుకోండి, ఆ దారి మాత్రం మూయకండి.

నిజామాబాద్ టీచర్:

పాలమూరు తమ్ముడూ, నువ్వన్న దాంట్లో ఒక్క అక్షరం కూడా కాదనను. లాక్‌డౌన్‌లో మా బడి పిల్లల ఇళ్లలో నేనూ అదే చూశాను. నా బాధ మిషన్ ఉండటం గురించి కాదు. మిషన్ ఒక మాట, మనిషి ఒక మాట చెప్పినప్పుడు ఎవరిది నమ్ముతున్నాం, తప్పు కాదని రుజువు చేసుకునే బరువు ఎవరి నెత్తిన పెడుతున్నాం, అదీ.

రేషన్ కార్డుల సంగతి గుర్తుంది కదా. మన రాష్ట్రంలో సమగ్ర వేదిక అని ఒక కంప్యూటర్ వ్యవస్థ పెట్టారు. కరెంటు, బండి రిజిస్ట్రేషన్, ఆస్తి పన్ను లాంటి రకరకాల శాఖల జాబితాల్లో పేర్లు, చిరునామాలు కలిపి చూసి, ఈ ఇంటికి కారుంది, ఈ ఇంటికి ఆస్తి ఉంది అని చెబుతుంది. 2014 నుంచి 2019 మధ్య తెలంగాణలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. ముందస్తు నోటీసు లేదు. షాపుకి పోయినప్పుడు "మీ పేరు రావట్లేదు" అంటే తెలిసింది. మన దగ్గర ఒకే పేరు, ఒకే ఇంటి పేరు ఉన్నవాళ్లు ఊరికి పది మంది ఉంటారు, ఇంగ్లిషులో ఒక్కొక్క ఆఫీసులో ఒక్కో స్పెల్లింగు రాస్తారు. కంప్యూటరు ఇద్దరిని ఒక్కరనుకుంటే ఎవరో కొన్న కారు ఇంకెవరి మెడకో చుట్టుకుంటుంది.

విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు, రద్దు చేసిన కార్డుల్ని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. ఆ జులై నాటికి చూసిన 2 లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో 15 వేలకు పైగా అర్హులవేనని ప్రభుత్వమే ఒప్పుకుంది. మళ్లీ దరఖాస్తు పెట్టుకునే ఓపిక ఉన్నవాళ్ల లెక్క ఇది. మా తరగతిలో ఒక పాప ఉండేది, వాళ్ల కార్డు పోయాక మధ్యాహ్న భోజనంలో సగం డబ్బాలో పెట్టుకుని తమ్ముడికి తీసుకెళ్లేది. వాళ్ల అమ్మకి కారెక్కడిది, ఆమె ఇళ్లలో పాచిపని చేస్తుంది. ఆ తల్లి ఆఫీసు చుట్టూ తిరిగి "మాకు కారు లేదు" అని రుజువు చూపించమంటే ఏం చూపిస్తుంది? లేని కారుకి కాగితం ఉంటుందా?

డెల్టా తమ్ముడి అమ్మగారు "నేను తియ్యలేదు బాబూ" అన్న చోట నాకు ఆ తల్లే కనబడింది.

రిటైర్డ్ క్యాషియర్:

బాబూ, చర్చ మంచిదే, ముందు నీ డబ్బు సంగతి చూడు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకో. ఎంత తొందరగా చేస్తే దొంగ ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆలస్యమైందని మానకు, ఆ నంబరు తర్వాత అన్నిటికీ కావాలి.

బ్యాంకులో నోటి మాట వద్దు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద తేదీ, ముద్ర వేయించుకో. అందులో ఆ రెండు లావాదేవీల ఆర్ఆర్ఎన్ నంబర్లు (ఒక్కో లావాదేవీకి ఉండే గుర్తింపు నంబరు), అవి ఏ ఊళ్లో ఏ ఆపరేటర్ మిషన్ నుంచి జరిగాయో రాసిమ్మని అడుగు. మీ అమ్మ తెనాలి దగ్గర ఉంటే మిషన్ ఇంకో జిల్లాలో ఉందని తేలితే సగం వాదన అక్కడే అయిపోయింది.

2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. తప్పు ఖాతాదారుడిదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఇంకెక్కడో జరిగినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెబితే ఖాతాదారుడికి బాధ్యత సున్నా. మీకు మెసేజే అందలేదు, ఆ మాట గట్టిగా రాయి. తప్పు ఖాతాదారుడిదే అని నిరూపించే భారం బ్యాంకుదేనని కూడా అందులోనే ఉంది. "సిస్టమ్‌లో సక్సెస్ అని ఉంది" అన్నది నిరూపణ కాదు. నేను ముప్పై నాలుగేళ్లు కౌంటర్లో కూర్చున్నాను, ఇది చెప్పే అర్హత నాకుంది. నెల రోజుల్లో సమాధానం రాకపోయినా, తిరస్కరించినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టు, ఖర్చేమీ లేదు.

డాలస్ నుంచి:

పదిహేనేళ్లుగా లాగిన్ వ్యవస్థలే నా పని, కాబట్టి ఒక్క విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నా. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, కార్డు పోతే కొత్తది తెచ్చుకుంటాం. వేలిముద్ర పోతే? మనిషికి పది వేళ్లు, అవి జీవితాంతం మారవు, ముట్టుకున్న ప్రతి గ్లాసు మీదా వాటి అచ్చు వదిలి వెళతాం. అలాంటిది "ఇతను ఫలానా" అని గుర్తుపట్టడానికి పనికొస్తుంది. "ఇతను డబ్బులు తీయమన్నాడు" అనడానికి అదొక్కటే సరిపోదు. గుర్తింపు వేరు, ఒప్పుకోలు వేరు, ఈ రెంటినీ ఒకే వేలికి కట్టడం దగ్గరే తప్పు మొదలైంది. పాలమూరు తమ్ముడు చెప్పిన ఊళ్లో కూడా వేలితో పాటు నాలుగంకెల పిన్ పెట్టొచ్చు. కాదంటే నెలకి రెండు వేల లోపు వేలితో, ఆపైన ఇంకేదైనా అడగొచ్చు. ఆలోచిస్తే దారులు లేకపోలేదు.

నేనుండే టెక్సస్‌లో మనుషుల వేలిముద్రలు, ముఖాల కొలతలు అనుమతి లేకుండా వాణిజ్యానికి తీసుకోకూడదని చట్టం ఉంది. ఆ చట్టం కింద ఫోటోల్లో ముఖాలు గుర్తుపట్టినందుకు రాష్ట్రం దావా వేస్తే, 2024 జులైలో ఫేస్‌బుక్ నడిపే మెటా కంపెనీ 140 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఇక్కడంతా సవ్యంగా ఉందని కాదు, ఇక్కడి కంపెనీలు జనం సమాచారాన్ని అమ్ముకునే తీరు చూస్తే రక్తం మరుగుతుంది. కానీ వేలిముద్ర తప్పుగా తీసుకుంటే భారీగా కట్టాల్సి వస్తుందనే భయం ఒకటి ఉంది.

మనకీ 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం, గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. ఆరేళ్లకి 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో నియమాలు వచ్చాయి, అందులో చాలా భాగం అమలుకి ఇంకా 18 నెలలు గడువిచ్చారు. జరిమానా 250 కోట్ల దాకా ఉంది, బాగానే ఉంది. అయితే 17వ సెక్షన్‌లో ప్రభుత్వ సంస్థల్ని మినహాయించే వీలు పెట్టుకున్నారు. దస్తావేజులు స్కాన్ చేసి ఎవరికైనా కనబడేలా పెట్టింది ఎవరు? ఈ మినహాయింపు చదివినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

ఇంకోటి గుర్తొచ్చింది. 2022 మే చివర్లో ఆధార్ సంస్థ ప్రాంతీయ కార్యాలయం ఒకటి "ఆధార్ ఫోటోకాపీలు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకండి, దుర్వినియోగం కావచ్చు, మాస్క్‌డ్ ఆధార్ వాడండి" అని హెచ్చరిక ఇచ్చింది. గొడవయ్యేసరికి రెండు రోజుల్లో ఉపసంహరించుకుని, మామూలు జాగ్రత్త చాలన్నారు. నిజం చెప్పిన కాగితాన్ని వెనక్కి తీసుకున్నారు! ఆ హెచ్చరికని అలాగే ఉంచి పల్లెల్లో దండోరా వేయించి ఉండాల్సింది.

సిరిసిల్ల బ్యాంక్ మిత్ర:

డాలస్ అన్నా, పిన్ మాట బాగుంది కానీ మా దగ్గరికి వచ్చే సగం మంది ఆ పిన్ కూడా నాకే చెప్పి "నువ్వే కొట్టు బిడ్డా" అంటారు. దానికీ ఆలోచన కావాలి.

డెల్టా అన్నా, నిన్న ఒకటి చెప్పడం మరిచిపోయా. వేలిముద్ర మొత్తం లాక్ చేయకుండా, బ్యాంకులో ఏఈపీఎస్ ఒక్కటే ఆపించే వీలు కొన్ని బ్యాంకుల్లో ఉంది. బ్రాంచిలో రాసివ్వాలి, కొన్నింటికి యాప్‌లోనూ ఉంటుంది. అప్పుడు రేషన్, పింఛను ఎప్పటిలాగే నడుస్తాయి, ఖాతాలోంచి మాత్రం వేలితో డబ్బు కదలదు. అమ్మకి రెండు ఖాతాలుంటే రెండు చోట్లా అడగండి.

డెల్టా రైతుబిడ్డ:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఏమైందో చెబుతాను.

సెలవు పెట్టి ఊరెళ్లాను. మొదట ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లి అమ్మ పేరు మీద కొత్త సిమ్ నంబరు ఎక్కించాం, బ్యాంకు ఖాతాలోనూ అదే ఇచ్చాం. 1930కి చేశాను, ఫిర్యాదు నంబరు వచ్చింది. క్యాషియర్ గారు చెప్పినట్టు అర్జీ రాసి, సర్క్యులర్ ప్రింటు జత చేసి ఇచ్చాను. మొదట ముద్ర వేయడానికి ఇష్టపడలేదు, అమ్మ అక్కడే బెంచీ మీద కూర్చుని "వేసేదాకా ఉంటా" అంది, వేశారు. నాలుగు రోజుల తర్వాత మిషన్ వివరాలు రాసిచ్చారు. రెండు లావాదేవీలూ మా ఊరికి మూడొందల కిలోమీటర్లు అవతల జరిగాయి. అమ్మ ఈ ఏడాదిలో గుంటూరు దాటి వెళ్లలేదు. డబ్బు ఇంకా రాలేదు, పరిశీలనలో ఉందంటున్నారు, నెల గడువు కోసం చూస్తున్నాను.

నంబరు ఎక్కగానే కంగారులో బయోమెట్రిక్ లాక్ చేసేశాను. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం అమ్మాయి వచ్చింది, అమ్మ ఫోన్ చేసింది, ఓటీపీ చదివి చెప్పమంటే అద్దాలు వెతుక్కునేసరికి దాని టైము అయిపోయింది. రెండోసారికి కుదిరింది. ఆ అమ్మాయి ఓపిగ్గా ఎండలో నిలబడింది, ఆమెకి ఇంకా నలభై ఇళ్లున్నాయి. పింఛను చేతికొచ్చాక అమ్మ మళ్లీ ఫోన్ చేసి, "నా డబ్బులు నేను తీసుకోవడానికి కూడా హైదరాబాద్ ఫోన్ చెయ్యాలా నాన్నా, నువ్వు మీటింగులో ఉంటే?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అందుకని బ్యాంక్ మిత్ర అన్న చెప్పిన దారి పట్టాం. బ్రాంచిలో అలాంటి ఫారమేమీ లేదన్నారు, తెల్ల కాగితం మీద రాసిస్తే తీసుకున్నారు. ఏఈపీఎస్ ఆగినట్టు ఇంకా మెసేజ్ రాలేదు, వచ్చాక లాక్ తీసేస్తాను. లేఖరి గారబ్బాయి గారూ, మీరు ఇంకా చూస్తుంటే ఒక్కటి చెప్పండి: నాన్న పేరు మీది ఎకరం అమ్మకి మార్పించాలి, మళ్లీ అదే ఆఫీసుకి వెళ్లి అమ్మ వేలు అద్దాలి. ఆ స్కాన్ కాపీలో వేలిముద్ర కనబడకుండా చేయమని అక్కడ రాతపూర్వకంగా అడిగే వీలుందా, ఉంటే అర్జీ ఎవరి పేరున రాయాలి?